రెండో టిక్కు

పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నా నోట్లో ఒకటే మాట. "ఏమన్న తిన్నరా?" నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో పని నాది. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు రోజుకు ముప్పై నలభై మంది వస్తారు. అందరినీ అడుగుతాను. ఆరేళ్లుగా అడుగుతున్నాను. తిరిగి నన్నెవరూ అడగరు. అడిగినా నిజం చెప్పేదాన్ని కాదు, అది వేరే సంగతి.

నేను చేరిన మొదటి రోజే మా సీనియర్ షౌకత్ సార్ ఒక పాఠం చెప్పారు.

"సూడు అఖిలా, ఈడ ఛాయ్‌ను ఎవ్వలు తిండి కింద లెక్కవెట్టరు. పావ్ ముంచుకొని రెండు గిలాసలు తాగొచ్చి, ఏం తినలే అంటరు. వాళ్లు అబద్ధం ఆడుతలేరు. వాళ్ల లెక్కల అది తినుడు గాదు. అందుకే రెండుసార్లు అడుగు. తిన్నరా అని ఒకసారి, ఛాయ్ తాగిన్రా అని ఒకసారి. చిట్టీ మీద రెండు టిక్కులు పెట్టు. రెండో టిక్కు లేంది సూది గుచ్చకు."

ఆరేళ్లలో నేను ఎన్ని వేల చిట్టీల మీద రెండేసి టిక్కులు పెట్టానో లెక్కలేదు. నిద్రలో లేపి చిట్టీ ఇచ్చినా పెడతాననే గర్వం కూడా ఉండేది.

ఇక చదువు సంగతి. మాది బోధన్, శక్కర్‌నగర్ వెనక వాడకట్టు. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ పేరు ముత్తవ్వ, బీడీలు చుడుతుంది. ఇంట్లో మేమిద్దరమే. తెల్లవారి మొదటి బస్సుకు నేను నిజామాబాద్ పోతాను, పోతూ వస్తూ ఒళ్లో పుస్తకం పెట్టుకొని చదువుతాను. దూరవిద్యలో డిగ్రీ. అన్ని పేపర్లూ గట్టెక్కాయి, బయోకెమిస్ట్రీ ఒక్కటే రెండుసార్లు తన్నేసింది. మూడోసారి కూడా పోతే గడువు దాటిపోతుంది, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. షౌకత్ సార్ వచ్చే ఏడు తప్పుకుంటానంటున్నారు. ఆయన కుర్చీలో కూర్చోవాలంటే డిగ్రీ కావాలని ల్యాబు నడిపే డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఆ పరీక్ష ఆదివారం పొద్దున పది గంటలకు.

అందుకని నేనొక ఉపాయం పట్టాను. అన్నం తింటే కళ్లు మూతపడతాయి. మధ్యాహ్నం ల్యాబులో పని తగ్గే రెండు గంటలే నాకు దొరికే చదువు వేళ. ఆ వేళలో తిని జోగడం ఎందుకని తినడం మానేశాను. ఛాయ్ తాగేదాన్ని. పొద్దున బస్టాండులో ఒకటి, ల్యాబుకు రాగానే ఒకటి, అలా సాయంత్రానికి ఏడు. మా పుస్తకంలో ఒక వాక్యం ఉంది. మెదడుకు గ్లూకోజే తిండి, శరీరం వాడే గ్లూకోజులో ఐదో వంతు అదొక్కటే తీసుకుంటుంది అని. దాని కింద ఎర్రపెన్నుతో గీత గీసి, కడుపు గుర్రుమంటుంటే ఇరవైసార్లు వల్లెవేశాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని మా అవ్వ ఊరికే అనదు.

అవ్వ రోజూ నాకు సద్ది కడుతుంది. రెండు జొన్నరొట్టెలు, పప్పు, తిన్నంక నోట్లో వేసుకొమ్మని చిన్న బెల్లంగడ్డ. ఆ డబ్బా మా ల్యాబులో ఊడ్చి తుడిచే మహబూబీ ముందుకు తోసేదాన్ని. సాయంత్రం ఖాళీ డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టేదాన్ని. "తిన్నవా?" అని అవ్వ అడిగేది. "తిన్న" అనేదాన్ని. ఏడాది నుంచి ఇదే భాగోతం.

చలికాలం వచ్చేసరికి నా తల సరిగ్గా పనిచేయడం మానేసింది. ఒకే పేజీ నాలుగుసార్లు చదివి, ఐదోసారి కొత్తగా చదువుతున్నట్టు చదివేదాన్ని. ఒకరోజు ఇద్దరి సీసాలకు పేర్లు తారుమారుగా అంటించబోతే షౌకత్ సార్ చూసి ఆపారు. ఆ రోజంతా నా సీసాలన్నీ ఆయనే మళ్లీ సరిచూశారు. దాంతో ఇంకా భయమేసింది. పరీక్ష దగ్గరపడే కొద్దీ భయం పెరిగి, భయం పెరిగే కొద్దీ ఇంకో ఛాయ్ తాగడం అలవాటైంది.

ఆ వారం మంగళవారం చంద్రవ్వ వచ్చింది. మా పక్కింటి మనిషి, అవ్వతో కలిసి బీడీలు చుడుతుంది, నాకు పెద్దమ్మ లెక్క. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. కంట్లో పొర వచ్చింది. ఆపరేషన్ చేయాలంటే ముందు షుగర్ చూపించుకు రమ్మన్నారట. నేనున్న ల్యాబే అని ధీమాగా ఎనిమిది గంటల బస్సుకు వచ్చింది. ఆరోజు జనం మెట్ల మీది దాకా ఉన్నారు. సూదుల ట్రే పక్కన నా నోట్సు కాగితం పెట్టుకొని, మనిషికీ మనిషికీ మధ్య ఒక్కో లైను చదువుతున్నాను.

"ఏమన్న తిన్నవా పెద్దమ్మా?"

"ఏం తినలే బిడ్డా. పొద్దటి సంది నోట్ల మెతుకు వెట్టలే."

రక్తం తీశాను. రెండు వందల పద్నాలుగు వచ్చింది. ఆ కాగితం చూసి కళ్ల డాక్టరు ఆపరేషన్ వాయిదా వేశాడు. ఆమెకు మందులిచ్చే డాక్టరు పొద్దున వేసుకునే ఒక షుగర్ గోలీని రెండు చేశాడు. నేను ఊరుకున్నానా? ఆ సాయంత్రం వాళ్లింటికి పోయి మరీ కోప్పడ్డాను.

"శక్కర్‌నగర్‌ల ఉన్నమని చక్కెర బుక్కుతరా పెద్దమ్మా? గీ రోజు సంది ఛాయ్ల చక్కెర బంద్. నేన్ మల్ల వచ్చి సూస్త."

ఆమె నవ్వుతూ చక్కెర డబ్బా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "తీస్కపో బిడ్డా. ఇంట్ల ఉంటే చెయ్యి ఊకోదు." ఆ డబ్బా మా ఇంటికి తెచ్చి అటుక మీద పెట్టాను. మంచిపని చేశానని ఆ రాత్రి నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

శనివారం వచ్చింది. మర్నాడే పరీక్ష. మధ్యాహ్నం నుంచి సెలవు అడిగి పెట్టుకున్నాను, జిల్లా గ్రంథాలయంలో సాయంత్రం దాకా కూర్చుని చదవాలని. పన్నెండుకు సంచీ సర్దుకుంటూ అలవాటుగా సద్ది డబ్బా మహబూబీ ముందుకు తోశాను. ఆమె దాన్ని వెనక్కి తోసింది.

"నాకొద్దు. మీ అమ్మ నాకు గట్టలే. మొకం సూస్కున్నవా అద్దంల? ఏమన్న తిన్నవా, నిజం చెప్పు."

"ఏం తినలే. ఛాయ్ తాగిన గదా."

మాట నోట్లోంచి వచ్చింది, నా చెవుల్లోనే పడింది. ఏం తినలే. ఛాయ్ తాగిన. రోజూ మా బల్ల ముందు కూర్చున్నవాళ్లు అనే మాటే. రెండో ప్రశ్న అడిగితేనే బయటికొచ్చే మాట. చంద్రవ్వను నేను రెండో ప్రశ్న అడిగానా?

గుర్తు చేసుకుందామని చూశాను. ఆమె పచ్చచీర గుర్తుంది, మోచేతి మీది పచ్చబొట్టు గుర్తుంది, "మెతుకు వెట్టలే" అన్నది గుర్తుంది. ఆ తర్వాత ఏమీ లేదు. అడిగి ఉంటాను, ఆరేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది అని సర్దిచెప్పుకున్నాను. కాళ్లు మాత్రం బీరువా దగ్గరికి నడిచాయి. మంగళవారం చిట్టీల కట్ట విప్పాను. చంద్రవ్వ చిట్టీ మీద ఒకటే టిక్కు ఉంది.

నా చేతిలో పెన్ను ఉంది. రెండో గీత గీయడానికి అర నిమిషం కూడా పట్టదు. ఆ కట్ట మళ్లీ ఎవరూ విప్పరు. సిగ్గుమాలిన మాటే గాని దాచను, పెన్ను మూత తీశాను. అప్పుడే గోడ మీది క్యాలెండర్ కనబడింది. శనివారం.

చంద్రవ్వ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా ఏమీ తినదు, దీపాలు పెట్టాక ఒక్కపూట తింటుంది. అంటే పొద్దున కడుపులో ఏమీ లేకుండా రెండు గోలీలు వేసుకొని కూర్చుని ఉంటుంది, ఉన్న షుగరూ పడిపోతుంది. ఎప్పుడూ అయితే తియ్యటి ఛాయ్ తాగేది, ఒక్కపొద్దుకు ఛాయ్ అడ్డం కాదు. ఆ ఛాయ్‌లో చక్కెర కూడా నేనే బంద్ చేయించాను.

చిట్టీ తీసుకుపోయి షౌకత్ సార్ ముందు పెట్టి ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చిట్టీని రెండుసార్లు చూశారు.

"ఆమెకు ఫోన్ చెయ్."

"ఆమెకు ఫోన్ లేదు సార్. మా అవ్వకు చేస్తున్న, ఎత్తుతలేదు." శనివారం అవ్వ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోతుంది. ఫోన్ ఇంట్లో ఛార్జింగులో పెట్టి, తాళం వేసుకొని పోతుంది. ఆ సంగతి తెలిసీ ఆరుసార్లు చేశాను.

ఆయన లేచి, వేలు గుచ్చి షుగర్ చూసే చిన్న మిషన్ నా సంచీలో పడేశారు. "నువ్ పో ముందుగాల. ఆమె డాక్టరుకు, మన డాక్టరమ్మకు నేన్ చెప్త. సోమవారం నిన్ను ఏమంటదో అప్పుడు సూద్దాం. మనిషి తెలివిల ఉంటేనే నోట్ల తియ్యటిది ఏమన్న పొయ్, యాది వెట్టుకో. లేకుంటే అంబులెన్స్‌కు ఫోన్ చెయ్."

బస్సు దొరికింది, సీటూ దొరికింది. గోలీ పొద్దున ఎనిమిదికి వేసుకుంటే ఇప్పటికి ఐదు గంటలు. బస్సు దిగేసరికి ఆరు. అవ్వకు మళ్లీ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. షుగర్ పడిపోతే ముందు చెమట, వణుకు, గుండెదడ. తర్వాత మాట తడబడటం, మతి తప్పడం. పుస్తకంలో నూట పన్నెండో పేజీ. రెండు నెలలుగా ఎంత రుద్దినా ఎక్కని పేజీ ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా కళ్ల ముందుంది. నా అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. వేళ్లు వణుకుతున్నాయి. అది భయమో ఆకలో తెలియలేదు.

ఎడపల్లి దగ్గర చెరుకు ట్రాక్టరొకటి రోడ్డుకు అడ్డంగా తిప్పుకుంటూ ఇరుక్కుపోయింది. ముందు బండివాడు దిగి తిట్టాడు, వెనక బండివాడు దిగి సలహాలు చెప్పాడు. డ్రైవరు ఇంజన్ ఆపి కునుకు తీశాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పక్కన కూర్చున్న ముసలామె అడిగింది.

"ఏమైందమ్మా, ఇంట్ల ఎవలన్న పోయిన్రా?"

"లేదవ్వా" అన్నాను. పోవద్దని మనసులో మొక్కుకున్నాను.

బస్సు దిగి ఉరికాను. మా ఇంటికి తాళం వేసే ఉంది. చంద్రవ్వ తలుపు చేరవేసి ఉంది, తోశాను. ఆమె గోడకానుకొని కూర్చుంది, ఒళ్లో చాట. బతికే ఉంది, కళ్లు తెరిచే ఉంది, చేతులు కదులుతున్నాయి. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి పోయి చూశాను. జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆకు మడుస్తోంది, చుడుతోంది, దారం కడుతోంది, పక్కన పడేస్తోంది. ఒకటి చేతిలోకి తీసుకుంటే వేళ్ల మధ్య నలిగిపోయింది. లోపల తంబాకు లేదు. చాటలో ఉన్న బీడీలన్నీ అంతే, ఉత్త ఆకులు. తంబాకు డబ్బా మూత కూడా తీయలేదు.

"పెద్దమ్మా."

"ఎవ్వలమ్మ నువ్వు?" అంది. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి.

వేలు గుచ్చి చూశాను. నలభై ఆరు, డెబ్భైకి తగ్గకూడదు. వంటింట్లోకి ఉరికి డబ్బాలన్నీ వెతికాను. పసుపు, ఉప్పు, జొన్నపిండి ఉన్నాయి. చక్కెర లేదు. ఎలా ఉంటుంది, మా ఇంటి అటుక మీద ఉంది, తాళం లోపల. చేతులు ఆడక సంచీ కింద పడేస్తే సద్ది డబ్బా దొర్లుకుంటూ పోయింది. అప్పుడు గుర్తొచ్చింది బెల్లంగడ్డ. డబ్బా మూత తీసి, బెల్లం గ్లాసులో వేసి, నీళ్లు పోసి, వేళ్లతోనే పిసికాను. "మింగు పెద్దమ్మా, మింగు" అంటూ కొద్దికొద్దిగా తాగించాను. సగం పైట మీద పోయింది, సగం లోపలికి పోయింది.

పావుగంట ఆమె పక్కనే కూర్చున్నాను. ఆ పావుగంటలో పరీక్ష నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. మళ్లీ చూస్తే డెబ్భై మూడు. ఆమె చాటలోకి చూసి, ఒక బీడీ తీసి నలిపి, నా వైపు తిరిగింది.

"గిదేంది బిడ్డా, తంబాకు లేకుంట సుట్టిన్నా? నువ్వెప్పుడొచ్చినవ్?"

అప్పుడు ఏడ్చాను. దాచుకోకుండా ఏడ్చాను. ఏడుస్తూనే, నాలుగు రోజులు ఆలస్యంగా, రెండో ప్రశ్న అడిగాను.

"మంగళారం ల్యాబుకు వచ్చేముంగట ఛాయ్ తాగినవా పెద్దమ్మా?"

"తాగిన. బస్టాండ్ కాడ రెండు గిలాసలు తాగిన. సలి ఉండె." పైట మీది తడి తుడుచుకుంది. "ఎందుకు, ఛాయ్ గూడ తినుడేనా? నువ్ అడగకపోతివి."

"అడగలే. తప్పు నాదే. నీకు గన్ని షుగర్ లేదు, రెండు గోలీలు అక్కర లేకుండె. సోమవారం మల్ల సూస్త." ఇంకా ఏదో చెప్పబోయాను. ఆమె నా మాట పట్టించుకోలేదు.

"ఒక్కపొద్దు పాయెనా?" అంది గ్లాసులో మిగిలిన బెల్లం నీళ్లు చూస్తూ. "అయితే రొట్టె ఇయ్యి. ఎట్లనో పాయె."

అప్పుడే అవ్వ వచ్చింది. ఖాళీ గంప చంకలో ఉంది, చేతిలో ఫోన్. ఇన్నిసార్లు చేశానంటే ఏదో అయిందని, ఇంటి తలుపు తీసి ఫోన్ చూడగానే ఉరికొచ్చిందట. చెమటతో కూర్చున్న చంద్రవ్వను చూసింది, నన్ను చూసింది, జరిగింది విన్నది. తర్వాత ఆమె చూపు కింద ఉన్న డబ్బా మీద పడింది. రెండు రొట్టెలు మడత చెదరకుండా ఉన్నాయి. పప్పు గడ్డకట్టి ఉంది. పొద్దు రెండున్నర దాటింది.

"గింత పొద్దువోయినా ముట్టలేదు" అంది. అది ప్రశ్న కాదు. "రోజు గిట్లనేనా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఏడాది అలవాటు మరి. కాని ఆ రోజుకు నా అబద్ధాలు చాలనిపించింది.

"రోజు గిట్లనే అవ్వా. మహబూబీకి పెడుతున్న. తింటే నిద్రొస్తదని."

అవ్వ తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననీ అనిపించింది. కింద కూర్చుని, డబ్బా దగ్గరికి లాక్కుని, ఒక రొట్టె చంద్రవ్వ చేతిలో పెట్టింది. రెండోది నా చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె వేళ్లు కొద్దిగా వణకడం చూశాను. పొద్దటి నుంచీ నా వేళ్లనే చూసుకుంటున్నదాన్ని, ఆ వణుకు నాకు కొత్త కాదు.

"నువ్ తిన్నవా అవ్వా?"

"నా సంగతెందుకు ఇప్పుడు. తిను."

ల్యాబులో బల్ల వెనక కూర్చున్నట్టే కూర్చుని అడిగాను. "ఏం తిన్నవ్?"

అవ్వ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "ఛాయ్ తాగిన."

"పొద్దటి సంది?"

"నీకు రెండు రొట్టెలకే పిండి కలుపుత. ఒక్కదాని కోసం మల్ల పొయ్యి ఎవలంటిస్తరే. మాపటికి నువ్వొచ్చినంక ఇద్దరం తింటం గదా."

మనిషి మనిషినీ ఆపి, సూది గుచ్చేముందు, ఏమన్న తిన్నరా అని అడిగేదాన్ని. మా అవ్వను ఒక్కరోజు కూడా అడగలేదు. తను తినకుండా నాకు కట్టిన రెండు రొట్టెలు నేను ఏడాదిగా ఇంకొకరి ముందుకు తోశాను.

నా చేతిలోని రొట్టె సగానికి విరిచి అవ్వకు ఇచ్చాను. వద్దనబోయింది. చంద్రవ్వ నోట్లో ముద్ద ఉండగానే కసిరింది. "తీస్కో ముత్తవ్వా. నా దేవుడే ఇయ్యాల ఒక్కపొద్దు ఇడిసిండు, నీకేంది."

పుస్తకాల సంచీ గుమ్మంలో పడి ఉంది. నాలుగు చాప్టర్లు మిగిలే ఉన్నాయి, రేపు పదింటికి పరీక్ష, ఎల్లుండి డాక్టరమ్మ ముందు నిలబడాలి. రెండూ ఏమవుతాయో తెలియదు. పొద్దున నాలుగు రొట్టెలకు పిండి కలపమని అవ్వకు చెప్పాను. సరే అంది, సద్ది ఇంకెవలకూ పెట్టకుండ నువ్వే తినాలె అంది. తలూపాను. ఆ సరేను నేను నమ్మలేదు, నా తలూపడాన్ని ఆమె నమ్మలేదు. నేను రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే మింగేదాకా అవ్వ నన్నే చూసింది. ఆమె మింగేదాకా నేనూ చూశాను.